ఇంటిపేరు, ఒంటిపేరు, ఓసీఐ కార్డు

గోదావరి జిల్లాల్లో అమెరికా సంబంధం ఖాయమైన ఇంట్లోనైనా, కువైట్ వీసా వచ్చిన ఇంట్లోనైనా మొదట వినపడే సలహా ఒక్కటే: కాగితాలన్నీ ఒకే పేరు మీదికి తెచ్చేసుకో. టెన్త్ సర్టిఫికెట్, ఆధార్, పాన్, పాస్‌పోర్టు, పెళ్లి సర్టిఫికెట్, ఆఖరికి పంచాయతీ జనన రిజిస్టరు కూడా అచ్చు గుద్దినట్టు ఉండాలని నోటరీ దగ్గర టైపిస్టు మొదలుకుని కన్సల్టెన్సీ కుర్రాడి దాకా అందరూ చెబుతారు. ఒకే దేశం కాగితాలతో బతికేవాడికి ఈ సలహా బాగానే నడుస్తుంది. రెండో దేశం పౌరసత్వం తీసుకుని, ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డుతో ఇక్కడి సంబంధం నిలుపుకునేవాడికి మాత్రం తరచు బెడిసికొడుతుంది. కొత్త పేరుకు సరిపోయేలా పాత కాగితాన్ని తిరగరాస్తే ఆ పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పే ఆనవాలు పోతుంది. పేరు ఎప్పుడు, ఎవరి ఉత్తర్వుతో, ఎలా మారిందో కాగితం మీదే కనపడేలా ఉంచుకోవడం మేలని నా వాదన. దీనికి సాక్ష్యం కోసం దూరం పోనక్కర్లేదు. డెల్టా నడిబొడ్డునే యానాం ఉంది.

ముందు ఒక అపోహ తీసేయాలి. మనవాళ్లు ద్వంద్వ పౌరసత్వం అని పిలుచుకునే ఓసీఐ నిజానికి పౌరసత్వం కాదు. 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం ఇష్టపూర్వకంగా మరో దేశం పౌరుడైన క్షణంలోనే భారత పౌరసత్వం పోతుంది. 2005 సవరణ తర్వాత, 2006 జనవరిలో హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో తొలి ఓసీఐ కార్డులు ఇచ్చారు. అది జీవితకాలపు వీసా, దానికి తోడు కొన్ని హక్కులు. ఓటు లేదు, వ్యవసాయ భూమి కొనే వీల్లేదు. పేరు విషయంలో దీని చిక్కు ఏమిటంటే, కార్డు మీద అచ్చయ్యేది విదేశీ పాస్‌పోర్టులోని పేరు. ఆ కార్డుకు అర్హత తెచ్చేది మాత్రం పాత భారత పాస్‌పోర్టులోనో, తండ్రి తాతల కాగితాల్లోనో ఉన్న పేరు. మోసంతోనో, అసలు సంగతి దాచిపెట్టో పొందిన కార్డును రద్దు చేసే అధికారం చట్టం 7డి సెక్షన్ ప్రభుత్వానికి ఇచ్చింది. పేర్లు కలవకపోతే జనం కంగారు పడేది ఇందుకే. కలవకపోవడం వేరు, దాచడం వేరు. ఈ తేడా చూపించే కాగితం చేతిలో ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

మన పేర్ల తయారీ చూస్తే చిక్కంతా ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది. అన్నవరం సత్యదేవుడి మీద భక్తితో ఈ ప్రాంతంలో ఇంటికొక వీర వెంకట సత్యనారాయణ ఉంటాడు. బడిలో చేర్చేటప్పుడు అది వి.వి. సత్యనారాయణ అవుతుంది, ముందు ఇంటిపేరు పొడి అక్షరం చేరుతుంది. పాస్‌పోర్టు దరఖాస్తులో పొడి అక్షరాలు కుదరవు, విప్పి రాయాలి. రెండో ‘వి’ని అన్న వెంకట అని విప్పితే, తమ్ముడు వెంకటేశ్వర అని విప్పుతాడు. ఆ తర్వాత పాస్‌పోర్టులో ఇంటిపేరుకు ఒక గడి, సొంత పేరుకు ఒక గడి. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసినవాళ్లు ఎందరో. అలాంటి పాస్‌పోర్టు మీద అమెరికా వీసా వేసినప్పుడు పేరంతా ఇంటిపేరు గడిలోకి పోతుంది, సొంత పేరు గడిలో ఎఫ్‌ఎన్‌యూ అని మూడక్షరాలు పడతాయి. మొదటి పేరు తెలియదు అని దానర్థం. డ్రైవింగ్ లైసెన్సు మీద, బ్యాంకు ఖాతాలో అదే పేరై కూర్చున్న సందర్భాలు ప్రవాసులందరికీ ఎరుకే. పాస్‌పోర్టులో ఒంటి పేరే ఉన్నవారిని సందర్శక వీసా మీద రానివ్వబోమని 2022 నవంబరులో యుఏఈ ప్రకటించినప్పుడు గల్ఫ్ ప్రయాణం పెట్టుకున్న కోనసీమ కుటుంబాలకూ అదే సెగ తగిలింది.

యంత్రానికి కూడా మన పేర్లు పట్టవు. పాస్‌పోర్టు అడుగున యంత్రం చదివే రెండు వరుసలుంటాయి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం మొదటి వరుసలో పేరుకు దక్కేది 39 స్థానాలు. ఇంగ్లిషులో వీర వెంకట సత్యనారాయణ అన్న పేరే, మధ్య ఖాళీలతో కలిపి, 27 స్థానాలు తీసుకుంటుంది. ఇంటిపేరుకూ సొంత పేరుకూ నడుమ గుర్తులు రెండు. ఇంటిపేరుకు మిగిలేవి సరిగ్గా 10. రాజమండ్రివారికి బాగా పరిచయమైన భమిడిపాటి అన్న ఇంటిపేరుకు ఇంగ్లిషులో 11 అక్షరాలు కావాలి. అంటే ఎక్కడో ఒకచోట కత్తిరింపు తప్పదు. పై పేజీలో నిండుగా ఉన్న పేరు కింది వరుసలో తోక తెగి ఉంటే, అది ఎవరి తప్పూ కాదు. దాన్ని తప్పుగా భావించి అఫిడవిట్ల వెంట పరుగెత్తడం మాత్రం అనవసరపు తప్పు.

ఇంటిపేరు ముందుండే అలవాటు ఎంత పెద్దవాళ్ల పేర్లనైనా తలకిందులు చేస్తుంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సైన్సు ప్రపంచానికి ‘సుబ్బారో’గానే తెలుసు. భాస్వరాన్ని కొలిచే ఫిస్క్-సుబ్బారో పద్ధతి 1925లో అచ్చయినప్పటి నుంచి, పరిశోధన పత్రాల జాబితాల్లో ఆయన సొంత పేరు ఇంటిపేరు స్థానంలో నిలిచింది, అసలు ఇంటిపేరు వై అన్న ఒక్క అక్షరానికి కుదించుకుపోయింది. ఆయన పేరు తిరగబడినా ఎవరికీ అనుమానం రాలేదు, ఎందుకంటే ఆ పేరు వెనక పని ఉంది. మామూలు మనిషికి ఆ వెసులుబాటు ఉండదు, పేరు వెనక ఉండేది కాగితమే.

అయితే ఏ కాగితం? ఇక్కడే ఒక్కో దేశానికి ఒక్కో మూలపత్రం. ఫ్రాన్సుకు జనన పత్రమే సర్వస్వం. విప్లవ కాలంలో, 1794 ఆగస్టులో చేసిన చట్టం ప్రకారం జనన పత్రంలో ఉన్న పేరు తప్ప మరో పేరు పౌరుడు పెట్టుకోకూడదు. ఆ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. అమెరికాలో వలస వెళ్లి పౌరుడైనవాడికి మూలం నాచురలైజేషన్ సర్టిఫికెట్. న్యాయమూర్తి ఎదుట ప్రమాణం చేసేటప్పుడే పేరు మార్చుకోవచ్చు, ఆ మార్పు కోర్టు ఉత్తర్వుగా నమోదవుతుంది. మన దగ్గర చట్టం ఏం చెప్పినా, నిన్నమొన్నటి దాకా ఆచారంలో మూలం టెన్త్ సర్టిఫికెట్. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారికి మాత్రం జనన ధ్రువపత్రమే పుట్టిన తేదీకి ఆధారమని ఇటీవలి సవరణలు చెబుతున్నాయి. మూడు దేశాల్లో మూడు వేర్వేరు మూలాలున్నప్పుడు, ఒకదాన్ని చూసి మరొకదాన్ని తిరగరాయడం మొదలుపెడితే అంతు ఉండదు. ఏ దేశపు మూలాన్ని ఆ దేశపు పద్ధతిలో ఉండనిచ్చి, వాటి మధ్య లంకె కాగితాన్ని జాగ్రత్త చేసుకోవడమే దారి.

యానాం ఈ సంగతిని మనకంటే చాలా ముందు చూసింది. అది అప్పట్లో భాగమైన ఫ్రెంచి ఇండియాలో 1881 సెప్టెంబరు 21 నాటి డిక్రీ స్థానికులకు ఒక వీలు కల్పించింది: తమ మతాచార న్యాయాన్ని వదులుకుని ఫ్రెంచి పౌర చట్టం కిందికి రావచ్చు. అలా వచ్చినవాళ్లు వంశపారంపర్యంగా నిలిచే ఒక ఇంటిపేరును ఎంచుకుని నమోదు చేయించుకోవాలి. పుదుచ్చేరిలో ఈ ఉద్యమానికి ముందు నిలిచిన పొన్నుతంబి పిళ్లై ‘లాపోర్త్’ అన్న పేరు తీసుకున్నారు. తండ్రి పేరే ఇంటిపేరుగా వాడే తమిళులకు ఇది కొత్త, ఇంటిపేరు ఎప్పటి నుంచో ఉన్న మనకు కాదు. ఫ్రెంచి కొలువులో పోలీసు అధికారిగా ఉండి తిరగబడ్డ దడాల రఫేల్ రమణయ్య పేరే చూడండి. తెలుగు ఇంటిపేరు ముందు, క్రైస్తవపు పేరు నడుమ, తెలుగు పేరు చివర. ఏ గడిలో ఏది వేయాలో ఫ్రెంచి గుమస్తాకూ, ఆ తర్వాత భారతీయ గుమస్తాకూ వేర్వేరుగా తోచి ఉంటే అందులో ఆశ్చర్యమేమీ లేదు.

1954 నవంబరు 1న పాలన భారత్‌కు చేతులు మారింది. 1956 మే 28న సంతకమైన బదలాయింపు ఒప్పందం 1962 ఆగస్టు 16న గానీ అమల్లోకి రాలేదు. ఆ భూభాగంలో పుట్టి, అక్కడే నివాసమున్న ఫ్రెంచి జాతీయులు ఆ తేదీన భారత పౌరులయ్యారు. ఫ్రెంచివారిగానే ఉండదలిస్తే ఆరు నెలల్లోగా లిఖితపూర్వకంగా ప్రకటించాలి. వేరేచోట నివాసముంటున్నవారికి వేరే నిబంధనలు. ఆరు నెలల్లో చేసిన ఆ ఒక్క సంతకం మీదే మనవల, మునిమనవల జాతీయత ఇప్పుడు ఆధారపడి ఉంది. సంతకం చేసిన తాత పేరూ, మనవడి జనన పత్రంలో తాతగా రాసిన పేరూ ఒకే మనిషివని రుజువు కావాలి. విదేశంలో తయారైన జనన పత్రాన్ని ఫ్రెంచి సివిల్ కోడ్ 47వ అధికరణ నమ్ముతుంది, అయితే అది సక్రమం కాదని చూపే ఇతర ఆధారాలు లేనంత వరకే. అర్ధశతాబ్దానికి పైగా కుటుంబం విదేశంలోనే ఉండిపోయి, ఫ్రెంచివారిగా మెలిగిన దాఖలా లేకపోతే వంశం ద్వారా జాతీయత రుజువు చేసుకునే అవకాశమే మూసుకుపోవచ్చు. ఇలాంటి పరీక్షకు నిలబడాల్సిన జనన పత్రాన్ని మొన్నీమధ్యే ‘సరిచేయించి’ తీసుకెళ్తే ఏమవుతుంది? మెరిసిపోయే ఆ కొత్త కాగితమే అనుమానానికి తావిస్తుంది. పాత రిజిస్టరులో వంకరటింకరగా ఉన్న పేరుకు, దాని పక్కన తేదీతో ఉన్న సవరణకు దక్కే విశ్వాసం దానికి దక్కదు.

యానాం పక్కనే ఉన్న కోరంగి నుంచి ఇంకో దారి కనపడుతుంది. ఒకప్పటి ఆ రేవు పేరు మీదుగానే మారిషస్‌లోనూ బర్మాలోనూ తెలుగువాళ్లను కోరంగీలన్నారు. మారిషస్ వెళ్లిన తెలుగు కూలీల పేర్లను తెలుగు రాని గుమస్తాలు విన్నట్టు రాసుకున్నారు. తండ్రి సొంత పేరు కొడుక్కి ఇంటిపేరైంది. అప్పన్న, అప్పడు, రామస్వామి, వెంకటస్వామి అక్కడి స్పెల్లింగుల్లో కుటుంబ నామాలయ్యాయి. అసలు ఇంటిపేర్లు చాలామందికి పోయాయి. ఎవరూ వెనక్కి వెళ్లి ఆ రిజిస్టర్లు దిద్దలేదు. అయినా అక్కడి మోకా ఊళ్లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రపరిచిన వలస రిజిస్టర్లలో ప్రతి మనిషికీ ఒక సంఖ్య ఉంది, దాన్నుంచి తరం తరానికీ పుట్టుక, పెళ్లి పత్రాలు గొలుసుకట్టుగా వస్తాయి. ఆ గొలుసు పట్టుకునే మారిషస్‌వారు ఓసీఐ కార్డులు తీసుకుంటున్నారు, 2024 మార్చిలో ఏడో తరానికి కూడా ఆ అర్హత విస్తరిస్తున్నట్టు రాష్ట్రపతి అక్కడే ప్రకటించారు. పేరు గుర్తుపట్టలేనంతగా మారినా గొలుసు తెగకపోతే వంశం నిలుస్తుందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

మన చట్టానికి ఈ వివేకం లేదా అంటే, ఉంది. 1969 జనన మరణ నమోదు చట్టం 15వ సెక్షన్ రిజిస్ట్రారుకు స్పష్టంగా చెబుతుంది: తప్పు ఉంటే మార్జిన్‌లో సవరణ రాయాలి, అసలు నమోదును ముట్టుకోకూడదు, సవరణ కింద సంతకం, తేదీ ఉండాలి. ఫ్రెంచి పద్ధతీ సరిగ్గా ఇదే. పెళ్లి, విడాకులు, పేరు మార్పు, అన్నీ జనన నమోదు పక్కన మార్జిన్‌లోనే ఎక్కుతాయి, పూర్తి నకలు తీసుకుంటే అవన్నీ కనపడతాయి. రెండు వేర్వేరు న్యాయ సంప్రదాయాలు ఒకే చోటికి చేరాయి. తేడా ఎక్కడొచ్చిందంటే, మన దగ్గర కంప్యూటరు నుంచి బయటికి వచ్చే సర్టిఫికెట్‌లో ఆఖరి రూపం ఒక్కటే అచ్చవుతుంది. మార్జిన్ రిజిస్టరులోనే ఉండిపోతుంది. జనం కోరేదీ అదే, మచ్చలేని కాగితం. సుప్రీంకోర్టు 2021 జూన్‌లో జిగ్యా యాదవ్ కేసులో, పేరు వ్యక్తి భావప్రకటనలో భాగమని చెబుతూనే, దిద్దుబాటుకూ మార్పుకూ గీత గీసింది. ఉన్న ప్రభుత్వ పత్రాలకు అనుగుణంగా బోర్డు సర్టిఫికెట్ సరిచేయడం ఒకటి, కొత్తగా ఎంచుకున్న పేరు పెట్టుకోవడం మరొకటి. సంఖ్యాశాస్త్రం చెప్పిందని ఇంగ్లిషు స్పెల్లింగులో ఒక ‘ఈ’ అదనంగా తగిలించుకున్నవారు ఈ రెండో కోవలోకి వస్తారు. అదృష్టం సంగతేమో గానీ, ఆ అక్షరం కాన్సులేట్ కౌంటరు దగ్గర వడ్డీతో సహా వసూలు చేసుకుంటుంది.

పుట్టిన ఊరి పేర్లలోనూ ఇదే కథ. 2015లో రాజమండ్రి అధికారికంగా రాజమహేంద్రవరమైంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 13 నుంచి 26 అయ్యాక, అమలాపురంలో పుట్టినవాడి జిల్లా తూర్పు గోదావరి కాకుండా కోనసీమ అయింది. చింతూరు వైపు వాళ్లయితే 1959 దాకా తూర్పు గోదావరి, తర్వాత ఖమ్మం, 2014లో మళ్లీ తూర్పు గోదావరి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. మనిషి కదలకుండానే జిల్లాలు మారాయి. పాత పాస్‌పోర్టులో ఉన్న జిల్లాను కొత్త మ్యాపు చూసి మార్పించుకోవాల్సిన పనిలేదు, పుట్టిన నాటి పేరు పుట్టిన నాటి సత్యమే.

ఈ సిద్ధాంతాలన్నీ నేలమీదికి దిగేది ఆస్తి పంపకం దగ్గర. ఓసీఐ కార్డు ఉన్నవాడు వ్యవసాయ భూమి కొనలేడు గానీ వారసత్వంగా పొందగలడు. కోనసీమలో తండ్రి పోయాక రెండెకరాల కొబ్బరి తోట కొడుకు పేర ఎక్కాలనుకోండి. తహసీల్దారు కార్యాలయం ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో కొడుకు పేరు ఇంటిపేరుతో మొదలై వెంకట సత్యనారాయణతో ముగుస్తుంది, తండ్రి పాస్ పుస్తకంలో తండ్రి పేరున్న వరుసలోనే. కొడుకు చేతిలోని ఓసీఐ కార్డులో మాత్రం అతను ఉత్త సత్య, చివర ఇంటిపేరు. విదేశంలో రాసిన జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు సుంకం కట్టించుకోవాలి, ఆ గడువు పేర్ల తగువు తీరేదాకా ఆగదు. ఈ దశలో సాధారణంగా చేసే పని, ఇద్దరూ ఒకరేనంటూ వంద రూపాయల స్టాంపు కాగితం మీద అఫిడవిట్. అది అతని మాట మాత్రమే. దాని వెనక నాలుగు కాగితాలు వరుసగా పెడితే అదే రుజువవుతుంది: రద్దు ముద్ర పడిన పాత భారత పాస్‌పోర్టు, పాత పాస్‌పోర్టు వివరాలుండే సరెండర్ సర్టిఫికెట్, నాచురలైజేషన్ పత్రంతో పాటు పేరు మార్చిన కోర్టు ఉత్తర్వు, ఇప్పటి విదేశీ పాస్‌పోర్టు. ప్రతి కాగితం ముందుదాన్నీ వెనకదాన్నీ పట్టుకుని ఉంటుంది. తీరా చూస్తే చాలామంది పారేసేది ఇందులో మొదటిదాన్నే. 2021 మార్చి నుంచి ఓసీఐతో ప్రయాణించేటప్పుడు పాత పాస్‌పోర్టు వెంట ఉంచుకోవాల్సిన అవసరం పోయింది గనక ఇక దాచక్కర్లేదని అనుకుంటారు. ప్రయాణానికి అక్కర్లేదు సరే, పంపకానికి కావాలి.

దీనికి అభ్యంతరాలు రాకపోవు. ఒకటికి రెండు పేర్లను ఒప్పుకుంటే దొంగలకు దారి ఇచ్చినట్టేనని కొందరంటారు. దొంగ కాగితాలతో మనుషుల్ని దేశాలు దాటించిన ఏజెంట్లు ఉన్నారు గనక ఇది కొట్టిపారేసే మాట కాదు. కానీ దొంగకు కావాల్సింది చరిత్ర లేని శుభ్రమైన కాగితం. ఏ సవరణ ఎవరు, ఎప్పుడు, దేని ఆధారంగా చేశారో పక్కనే రాసి ఉంటే దొంగతనం కష్టమవుతుంది. వేలిముద్రలున్నాయిగా, ఇక పేర్ల గొడవెందుకన్నది మరో మాట. వేలిముద్ర బతికున్న మనిషిని కాగితంతో ముడివేస్తుంది. వారసత్వమైనా, వంశం ద్వారా జాతీయత అయినా బతికున్నవాణ్ణి పోయినవాడితో ముడివేయాలి. 1962లో యానాంలో సంతకం పెట్టిన తాత వేలిముద్ర ఏ సర్వరులోనూ లేదు.

పిల్లలకు మొదటి నుంచే చిన్న పేరు పెట్టి, ఇంటిపేరు చివర వేస్తే పోతుందిగా అన్నది ఇప్పటి తల్లిదండ్రుల తెలివి. అది వాళ్లిష్టం, సౌకర్యం కూడా. అయితే ఆ పిల్లవాడి తండ్రి పేరు, తాత పేరు గడుల్లో మళ్లీ పాత వరుసే వస్తుంది గనక చిక్కు ఒక తరం వెనక్కి జరుగుతుందే తప్ప తీరదు.

గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది. చరిత్రంతా మార్జిన్‌లో కనపడితే దత్తత పిల్లల సంగతి, విడాకులు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల పాత పేరు ఊరందరికీ తెలుస్తాయి. 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం జనన పత్రంలో మొదటి పేరు మార్చుకునే హక్కు ఇచ్చిందంటే ఈ భయం ఎంత నిజమో తెలుస్తుంది. ఇక్కడ నా వాదనకు నేనే కట్టె అడ్డం పెట్టుకోవాలి. ఫ్రెంచివాళ్లు దీనికి పూర్తి నకలు, తల్లిదండ్రుల వివరాలు లేని సంక్షిప్త నకలు అని వేర్వేరుగా పెట్టుకున్నారు. బడికీ బ్యాంకుకీ సంక్షిప్తం చాలు. చరిత్రతో కూడిన నకలు ఆ మనిషి అడిగితేనే, అవసరమైన చోటికే.

ఇందుకు కొత్త చట్టం చేయాల్సిన పని కూడా లేదు. మన జనన ధ్రువపత్రం నమూనాలో చివర్లో రిమార్కులు అన్న గడి ఒకటి ఉంది, సాధారణంగా ఖాళీగానే వస్తుంది. మార్జిన్‌లో రాసిన సవరణను, కోరినవారికి, ఆ గడిలో తేదీతో అచ్చువేస్తే పంచాయతీ నుంచి కాన్సులేట్ దాకా ఒకే కాగితం కథ చెబుతుంది. ఓసీఐ దరఖాస్తులో పాత పేరు ఎలాగూ అడుగుతున్నారు, దాన్ని కార్డు లోపలి పేజీలో అచ్చువేయడానికి అడ్డేమిటో తెలియదు. అప్పటిదాకా ఎవరి పని వారు చేసుకోక తప్పదు. అదే జనన మరణ నమోదు చట్టం 17వ సెక్షన్ కింద రుసుము కట్టి రిజిస్టరులోని నమోదును వెతికించుకోవచ్చు, దాని నకలు ఇమ్మని కోరవచ్చు. గెజిట్ ప్రకటన కోసమో, మెరిసే కొత్త సర్టిఫికెట్ కోసమో దరఖాస్తు పెట్టే ముందు ఆ నకలు ఒకటి తీయించి, పాత పాస్‌పోర్టుతో కలిపి పెట్టుకోవాలి.